దోమల్లేని ఊళ్ళు

ఆగస్టు 14, 1998, శుక్రవారం. భీమవరం.

ఈ డైరీ మా ఆఫీసువాళ్ళు పెళ్ళికి ఇచ్చారు. ఆగస్టులో డైరీ ఇవ్వడమేమిటో వాళ్ళకే తెలియాలి. జనవరి నుంచి ఖాళీ పేజీలు చూస్తుంటే, అంతవరకూ నేను బతికినట్టే లేదు.

రేపటి నుంచి టూరు. ఊటీ కాదు, కొడైకెనాల్ కాదు, సూర్యకళ బంధువుల ఊళ్ళు. కొత్త దంపతులు ఇంటింటికీ వెళ్ళి విందులు తిని, బట్టలు పెట్టించుకుని రావాలట. మావగారు అంబాసిడర్ కారు మాట్లాడారు. ముందు పాలకొల్లు అవతల అమ్మమ్మగారి ఊరు, తర్వాత గోదావరి దాటి పిన్నిగారి ఊరు, చివరికి ఇటు ఆకివీడు వైపు పెదనాన్నగారి ఊరు. అన్నీ కాలవగట్లు, కొబ్బరితోటలు, చేపల చెరువులు.

"మంచి గాలండీ, మీకు మార్పుగా ఉంటుంది," అన్నారు మావగారు. గాలి సంగతి సరే. ఆ గాలిలో ఏం ఎగురుతుంటాయో నాకు తెలుసు.

నా ఒంటికి దోమ పడదు. అందరికీ కుడితే చిన్న మచ్చ, నాకు కుడితే నిమ్మకాయంత దద్దురు. పుట్టింది కాకినాడలోనే అయినా ముప్ఫయ్యేళ్ళుగా దోమతెరలోనే పెరిగాను. ఇప్పటికీ తెర అంచులు పరుపు కింద అమ్మే దోపుతుంది. అందుకని ఓ తెర, క్రీము ట్యూబులు, పొగ కాయిల్సు, కరెంటు మ్యాట్ల మిషను తెచ్చుకున్నాను.

సూర్యకళ పెట్టె సర్దుతూ ఆ తెర బయటికి తీసింది. "ఇది చూస్తే అమ్మమ్మ ఏమనుకుంటుందండీ? మా ఇంట్లో తెరల్లేవనుకున్నారా అనదూ?" అంది.

నిజమే. చుట్టాలింటికి తెర పట్టుకెళ్ళడమంటే అన్నం కారియరు పట్టుకెళ్ళడమే. తెరతో పాటు మిగతావీ తీసేశాను, ఒక్క క్రీము ట్యూబు తప్ప. మర్యాద మా వంశంలోనే ఉంది.

తను ఇంకో మాట కూడా అడిగింది. రాజమండ్రిలో బి.ఇడి. సీటు సంగతి. ఇరవై నాలుగున చేరాలి. హాస్టల్లో ఉండాలి, ఏడాది. పెళ్ళిచూపుల్లో తను అడిగితే "నాకేం అభ్యంతరం లేదండీ" అన్నాను. "అత్తయ్యగారితో చెప్పారా?" అంది ఇప్పుడు. చెబుతానన్నాను.

టూరయ్యాక చూసుకోవచ్చు.

ఆగస్టు 16, ఆదివారం. అమ్మమ్మగారి ఊరు.

తప్పు చేశాను. కాదు, మర్యాద చేశాను. అది తప్పయింది.

నిన్న సాయంత్రం వీధరుగు మీద మంచం వేసి కూర్చోబెట్టారు. అమ్మమ్మగారి పేరు బుల్లెమ్మ. డెబ్బయ్యేళ్ళు దాటినా మనిషి గట్టి. ఆవిడ మా తాతల పేర్లన్నీ అడుగుతుంటే నేను ఒక్కొక్కటే చెబుతున్నాను, దోమలు ఒక్కొక్కటే కుడుతున్నాయి. పెద్దావిడ ఎదుట చటుక్కున కొట్టుకుంటే ఏం బాగుంటుంది? కాళ్ళు ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ ముత్తాతగారి దాకా వెళ్ళాను. లోపల మాత్రం పట్టెమంచం, చక్కటి తెర. హాయిగా నిద్రపోయాను.

పొద్దున్న ఆవిడ కాఫీ ఇస్తూ, "దోమలేవన్నా ఇబ్బంది పెట్టాయా బాబూ?" అన్నారు. మొహంలో ఎంత ఆదుర్దా!

"అబ్బే! మీ ఊళ్ళో అసలు దోమలే లేవండీ. మా కాకినాడలో అయితే బతకలేం," అన్నాను.

ఆవిడ మొహం చాటంత అయింది. చెంగు దోపుకుని ఎదురింటికి వెళ్ళి చెప్పారు. పక్కింటికి వెళ్ళి చెప్పారు. కాకినాడ అల్లుడుగారు మన ఊళ్ళో దోమల్లేవన్నారని కాలవ అవతలికి కూడా కేకేసి చెప్పారు. అంతవరకూ బాగానే ఉంది.

మధ్యాహ్నం చూస్తే మంచం మీద తెర లేదు. "దోమల్లేనప్పుడు తెరెందుకు బాబూ? ఉక్క కదా, గాలి ఆడుతుందని తీయించేశాను," అన్నారు.

"మంచి పని చేశారండీ," అన్నాను.

మొహమాటానికి పోతే ఏమవుతుందో ఓ సామెత ఉంది. పూర్తిగా రాయకూడదు.

ఆగస్టు 17, సోమవారం.

క్రీము అయిపోయింది. ఎడమ కన్ను సగమే తెరుచుకుంటోంది. "నిద్ర చాలలేదా బాబూ?" అంటే, "కాదండీ, మీ పూతరేకులు తిని ఒళ్ళు చేశాను," అన్నాను. ఒళ్ళు ఒక కంటికే ఎలా వచ్చిందని ఆవిడ అడగలేదు. మర్యాదస్తురాలు.

ఈ సాయంత్రం మాత్రం ఒక ఉపాయం తట్టింది. దోమను ఒంటి మీద కొడితే తప్పుగాని, గాలిలో రెండు చేతుల మధ్య కొడితే ఎవరేమంటారు? దానికి చప్పట్లు కొట్టే సందర్భం కావాలి. "అమ్మమ్మగారూ, మీకు భజన పాటలు వచ్చా?" అన్నాను. ఆవిడ పొంగిపోయి రాముడి మీద ఒకటి ఎత్తుకున్నారు. నేను తాళం వేశాను. తాళం ఎక్కడ పడాలో అక్కడ పడలేదు, దోమ ఎక్కడుంటే అక్కడ పడింది. మోకాలి దగ్గర ఒకటి, చెవి దగ్గర రెండు, తల మీద ఒకటి. అలా నాలుగు పాటలు పాడించాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "ఈ వయసులో ఇంత భక్తి ఎక్కడా చూళ్ళేదు," అన్నారు.

గుమ్మంలో నిలబడి సూర్యకళ నన్నే చూస్తోంది. తను కూడా మెచ్చుకునే ఉంటుంది.

ఆగస్టు 18, మంగళవారం. పిన్నిగారి ఊరు.

నరసాపురం రేవులో పంటు మీదికి కారెక్కించి గోదావరి దాటాం. వరద నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. నది మధ్యలో ఒక్క దోమ లేదు. ఆ పంటు అక్కడే ఆగిపోతే బాగుండుననిపించింది. బుల్లెమ్మగారు కూడా కూతుర్ని చూస్తానని మాతో వచ్చారు. పిన్నిగారు సంపూర్ణమ్మ ఆవిడ రెండో కూతురు.

మాకంటే ముందే కబురు వచ్చేసింది. ఏ దారిన వస్తాయో ఈ కబుర్లు! బాబాయిగారు బుల్లియ్య గేటు దగ్గరే అందుకున్నారు.

"అత్తగారి ఊళ్ళో దోమల్లేవన్నారటండీ! ఆయ్, అక్కడే లేకపోతే మా ఊళ్ళో ఎందుకుంటాయండీ? మందు కొడతామని పంచాయితీవాళ్ళొస్తే, ఎవరికి కొడతార్రా అని వెనక్కి పంపేశామండీ."

ఆయన మెడ మీద ఒకటి కూర్చుని తీరిగ్గా తాగుతోంది. నేను చూశాను. ఆయనకీ తెలుసు. "నిజమేనండీ, ఇక్కడా లేవు," అన్నాను. ఇద్దరం గోదావరి వరద గురించి మాట్లాడుకున్నాం.

గదిలో తెర లేదు. తెర కట్టే మేకులు మాత్రం గోడకి నాలుగూ ఉన్నాయి.

సాయంత్రానికి పదిమంది పెద్దమనుషులు హార్మోనియం, మద్దెల పట్టుకుని దిగారు. అల్లుడుగారికి భజనంటే ప్రాణమని బాబాయిగారు ఊరి భజన సమాజాన్ని పిలిపించారు. నన్ను మధ్యలో కూర్చోబెట్టి మెడలో దండ వేశారు. చీకటి పడ్డాక మొదలుపెట్టి గొంతులు పోయేదాకా పాడారు. నేను అరచేతులు వాచిపోయేదాకా కొట్టాను. ఒక విషయం గమనించాను. సమాజంవారి తాళం కూడా సరిగ్గా తాళం మీద పడటం లేదు. ఎవరి చెవి దగ్గర వారు కొడుతున్నారు. ఈ ఊళ్ళో ఇంత భక్తి ఎందుకుందో అర్థమయింది.

ఆగస్టు 19, బుధవారం.

పొద్దున్న అంతర్వేది వెళ్ళి దర్శనం చేసుకున్నాం. మధ్యాహ్నం పులస పులుసు. దాని గురించి ఇంకోసారి రాస్తాను. ఇప్పుడు రాయవలసింది వేరే ఉంది.

పిన్నిగారి దొడ్లో పశువుల పాక ఉంది. పాక మొత్తానికీ పందిరి కట్టినట్టు నీలం రంగు తెర కట్టారు. లోపల ఒక గేదె, ఒక దూడ, హాయిగా నెమరు వేసుకుంటున్నాయి. గేదెకి తెర ఉంది. అల్లుడికి లేదు.

"తెర దేనికండీ?" అని బాబాయిగారిని మెల్లిగా అడిగాను.

"అదా అండీ? ఈగలకండీ," అన్నారు తడుముకోకుండా.

దీపాలు పెట్టే వేళకి ఇంకో దండ, ఇంకో భజన సిద్ధమవుతున్నాయి. పెరట్లోకి వెళ్ళొస్తానని చెప్పి, ఎవరూ చూడకుండా తెర ఎత్తి పాకలో దూరాను. ఎంత సుఖం! చెవుల దగ్గర చప్పుడు లేదు. గేదె ఒకసారి నన్ను చూసి పక్కకి జరిగి చోటిచ్చింది. ఈ టూరులో నన్ను ఏమీ అడగకుండా మర్యాద చేసింది అదొక్కటే.

"ఏవండీ?"

తెర బయట సూర్యకళ.

"గేదెని చూద్దామని వచ్చాను. మంచి జాతిలా ఉంది," అన్నాను.

తను తెర ఎత్తి లోపలికి వచ్చి, వెనక మళ్ళీ జాగ్రత్తగా దించింది. నా కన్ను చూసింది, మెడ చూసింది, చేతులు చూసింది.

"మొన్న మా ఇంట్లో చారు నేనే పెట్టాను. అందులో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. మీరు అద్భుతం అన్నారు," అంది.

"చప్పగా ఉన్నా రుచిగానే..."

"అమ్మమ్మ ఊళ్ళో దోమల్లేవన్నారు. బాబాయి ఊళ్ళోనూ లేవన్నారు. ఇప్పుడు గేదెని చూద్దామని వచ్చానంటున్నారు. పెళ్ళిచూపుల్లో నన్ను చదువుకోమన్నారు. అది కూడా ఇలాంటి మాటేనాండీ?"

గేదె తోక విసిరింది. నేను ఏదో అన్నాను. ఏమన్నానో ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. ఆ సంగతి వేరు, ఇది వేరు అన్నట్టున్నాను.

"మీరు వద్దంటే ఏడుస్తాను, తర్వాత సర్దుకుంటాను. అదెలాగో నాకు తెలుసు. మీరు అవునన్నా ఏం చెయ్యాలో తెలుసు. కానీ మీరన్న అవును అవునో కాదో తెలియకుండా ఇరవై నాలుగో తారీకు వచ్చేస్తోందండీ. పెట్టె సర్దుకోవాలా వద్దా?"

నేను గేదె వైపు చూశాను. తను వెళ్ళబోతూ ఆగింది.

"మూడు రోజుల్నుంచి అమ్మమ్మ కూడా తెర లేకుండానే పడుకుంటోంది, తెలుసా? అల్లుడుగారు దోమల్లేవన్నాక నేను తెర కట్టుకుంటే ఆయన మాట అబద్ధం చేసినట్టు కాదూ అంటోంది. కాళ్ళు చూడండి ఆవిడవి, ఎలా ఉన్నాయో. మీ మాటకి మా వాళ్ళు అంత విలువిస్తున్నారు. మీరే ఇవ్వట్లేదు."

తను వెళ్ళిపోయాక కూడా నేను పాకలోనే ఉన్నాను. బాబాయిగారు లాంతరు పట్టుకుని వచ్చి, అల్లుడుగారికి పశువులంటే ఎంత ప్రేమో అని ఆశ్చర్యపోయి, నన్ను భజనకి తీసుకెళ్ళారు. భజనలో బుల్లెమ్మగారు నా ఎదురుగా కూర్చున్నారు. చీర అంచు కింద పాదాలు కనిపించాయి. ముసలి పాదాలు. చిటికెనవేలి నుంచి చీలమండ దాకా ఎర్రగా పొంగి ఉన్నాయి. ఆవిడ నన్ను చూసి నవ్వి, బాగా పాడుతున్నారు కదా అన్నట్టు తల ఊపారు.

సిగ్గేసింది. నేను కొట్టిన చప్పట్లన్నీ తిరిగి నా చెంప మీద పడ్డట్టయింది.

ఆగస్టు 20, గురువారం. పెదనాన్నగారి ఊరు.

అరచేతుల వాపు తగ్గలేదు. అయినా రాస్తాను.

అప్పాజీగారు సూర్యకళ నాన్నగారికి అన్న. ఒకప్పుడు ఊరికి ప్రెసిడెంటు. ఇంటికి మూడు వైపులా చెరువులే. ఈ వంశంలో ఆయన మాటకి ఎదురు లేదు. ఆయన ఇష్టపడక ఒక పెళ్ళి సంబంధం వెనక్కిపోయిందని, ఆయనకి కోపం వచ్చి ఒక తమ్ముడితో పన్నెండేళ్ళు మాట్లాడలేదని బుల్లెమ్మగారు కారులోనే చెప్పారు. ఆ తమ్ముడు ఎవరో కాదు, మా మావగారే. ఈమధ్యే కలిశారు, మా పెళ్ళి పుణ్యమా అని.

విందుకి హాలు నిండా చుట్టాలు. మావగారు, అత్తగారు, పిన్నిగారు, బాబాయిగారు కూడా వచ్చారు. బుల్లెమ్మగారికి గోడవార కుర్చీ వేశారు. తలుపులన్నీ తీసి ఉన్నాయి. మూడు చెరువుల దోమలూ పిలిచినట్టే వచ్చాయి. ఒక్కరు కొట్టుకుంటే ఒట్టు. ఆడవాళ్ళు గాజులు సర్దుకుంటున్నారు, మగవాళ్ళు తెగ మీసాలు దువ్వుకుంటున్నారు.

అప్పాజీగారు గొంతు సవరించుకున్నారు. హాలంతా సద్దుమణిగింది.

"బుల్లెమ్మగారి ఊళ్ళో దోమల్లేవన్నారటండి. బుల్లియ్య ఊళ్ళోనూ లేవన్నారట. ఆ గోదారి లంకల సంగతి మాకు తెలీదేంటండి? పోనీలెండి. మా ఊరి సంగతి చెప్పండి అల్లుడుగారూ. ఉన్నాయంటారా?"

ఇంతకంటే తేలిక ప్రశ్న ఎవరూ అడగలేదు. జవాబు నాలుక చివరే ఉంది. మావగారు నా వైపు చూస్తున్నారు, పన్నెండేళ్ళు మాట లేకుండా గడిపిన మనిషి. వంటింటి గుమ్మంలో సూర్యకళ మంచినీళ్ళ చెంబు పట్టుకుని నిలబడింది. నన్ను చూడటం లేదు. చెంబు వైపు చూస్తోంది. ఆ చూడకపోవడం భరించలేకపోయాను.

"ఉన్నాయండీ," అన్నాను.

ఎవరూ కదల్లేదు.

"చాలా ఉన్నాయండీ. అమ్మమ్మగారి ఊళ్ళోనూ ఉన్నాయి, బాబాయిగారి ఊళ్ళోనూ ఉన్నాయి. నేను అబద్ధం చెప్పాను. నా వల్ల పెద్దావిడ కాళ్ళు పాడయ్యాయి. నాకు భజన కూడా రాదండీ. దోమల్ని కొట్టడానికి చప్పట్లు కొట్టాను."

సరిగ్గా అప్పుడే ఒక దోమ వచ్చి అప్పాజీగారి నుదుటి మీద, బొట్టు పక్కన వాలింది. హాల్లో ప్రతి ఒక్కరూ చూశారు. ఆయన కన్ను ఆర్పలేదు. చెయ్యి ఎత్తలేదు. అది కడుపు నిండా తాగింది. బరువుగా లేచి, ఆయన ముక్కు ముందు నుంచే ఊగుతూ కిటికీ వైపు వెళ్ళింది.

ఆయన అది వెళ్ళిన వైపు చూసి, "అది మా ఊరిది కాదండి. చెరువు అవతలి ఊరిది," అన్నారు.

"హమ్మయ్య!" అని గోడ దగ్గర్నుంచి బుల్లెమ్మగారి గొంతు. ఆ వెంటనే ఫట్టుమని చప్పుడు. ఆవిడ తన పాదం మీద తానే కొట్టుకున్నారు. "ముందే అనొచ్చుగా బాబూ! నాలుగు రోజుల్నుంచి చచ్చిపోతున్నాను."

తర్వాత ఎవరు మొదలుపెట్టారో తెలియదు. దీపావళి మందు అంటుకున్నట్టు హాలంతా ఫట్, ఫట్, ఫట్. పిన్నిగారు బాబాయిగారి వీపు మీద కొట్టారు, అక్కడ దోమ ఉందో లేదో ఆవిడకే తెలియాలి. మావగారు కూడా ఒకటి కొట్టుకుని, అన్నగారి వైపు భయంగా చూశారు.

అప్పాజీగారు నాతో మళ్ళీ మాట్లాడలేదు. భోజనాల దగ్గర నా విస్తరి వైపు చూడలేదు. అయిపోయింది, ఇంకో పన్నెండేళ్ళు అనుకున్నాను. పడకల వేళకి ఆయనే స్వయంగా తెర భుజాన వేసుకుని వచ్చి మా మంచానికి నాలుగు మూలలా కట్టారు. ముడి గట్టిగా లాగి చూశారు.

"ఇది దోమలకి కాదండి. పైనుంచి బల్లులు పడతాయని," అన్నారు.

"చిత్తమండీ," అన్నాను. ఇది మర్యాదే. ఇది ఉండొచ్చు.

ఆగస్టు 21, శుక్రవారం. కారులో, రావులపాలెంలో.

డ్రైవరు టీ తాగడానికి వెళ్ళాడు. సూర్యకళ అరటిపళ్ళ బండి దగ్గరుంది.

తణుకు దాటాక నేనే అన్నాను. "పెళ్ళిచూపుల్లో ఆ మాట మాటవరసకే అన్నాను. ఏం ఆలోచించలేదు. నువ్వు అడిగావు, కాదనడం బాగుండదని అన్నాను."

తను కిటికీ వైపు తిరిగింది. గోదావరి వంతెన మీద కూడా ఇటు తిరగలేదు. పోయి పోయి నిజం ఎందుకు చెప్పానురా అనుకున్నాను. నిన్న హాల్లో అంతమంది ముందు చెప్పడమే తేలిక.

ఇక్కడ కారు ఆగాక అడిగింది. "మరి ఇప్పుడేమంటారు?"

"నువ్వు వెళ్తే నాకు బాగుండదు. పెళ్ళై పట్టుమని పదిహేను రోజులు కాలేదు. పైగా అమ్మకి చెప్పాలంటే భయం."

"అయితే వద్దంటారు."

"వెళ్ళమంటున్నాను. అది వేరు, ఇది వేరు."

తను నమ్మిందో లేదో తెలియదు. అరటిపళ్ళు కొనుక్కొస్తానని దిగింది. పెద్ద గెల బేరం చేస్తోంది. కోపం వచ్చినవాళ్ళు గెల కొంటారా?

ఆగస్టు 22, శనివారం. కాకినాడ.

అమ్మకి చెప్పాను. పప్పులో నెయ్యి వేస్తూ వింది.

"నువ్వు మాటవరసకి అనుంటావురా. వాళ్ళూ మాటవరసకే అడిగుంటారు. దాన్ని పట్టుకుని ఎవరైనా నిజంగా వెళ్ళిపోతారా?"

"అప్పుడు మాటవరసకే అన్నానమ్మా. ఇప్పుడు నిజంగా అంటున్నాను."

అమ్మ నెయ్యి గిన్నె మూత పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నా పప్పులో వెయ్యలేదు.

ఆగస్టు 23, ఆదివారం.

అమ్మ మాట్లాడటం లేదు. అయితే సూర్యకళకి కందిపొడి కొట్టి సీసాలో పోసింది. సీసా మూత తిప్పుతూ, "హాస్టల్ తిండి తిని నా కోడలు చిక్కిపోతే ఊరుకోను," అని గోడతో అంది.

ఆగస్టు 24, సోమవారం. రాజమండ్రి నుంచి తిరిగొచ్చాక.

చేర్పించాను. హాస్టల్ గేటు దగ్గర ఆడపిల్లలు, వాళ్ళ నాన్నలు, పెట్టెలు. మొగుడితో వచ్చింది సూర్యకళ ఒక్కతే. అందరూ చూస్తున్నారు. నా కన్నింకా పూర్తిగా తగ్గలేదు. కొత్త పెళ్ళాం కొట్టిందనుకుని ఉంటారు.

"సెలవులకి రమ్మంటారా, ప్రతి శనివారం రమ్మంటారా?" అంది తను.

"నీ ఇష్టం" అని నోటిదాకా వచ్చింది. పెదవుల దగ్గర ఆపాను. కష్టంగానే ఉంది.

"ప్రతి శనివారం రా," అన్నాను. "ఈ శనివారమే రా."

తను పెట్టె కింద పెట్టింది. ఈ పది రోజుల్లో మొదటిసారి నన్ను తీరిగ్గా చూసింది.

"సోమవారం పొద్దున్నే క్లాసుంటుందండీ. కాకినాడలో తెల్లవారుజామున లేచి బండెక్కాలి. నాకు మెలకువ రాదు."

"నేను లేపుతాను," అన్నాను.

తను నవ్వి పెట్టె తీసుకుని లోపలికి వెళ్ళింది. మెట్ల దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

ఎనిమిదైతే గాని నేను లేవనని తనకింకా తెలియదు. అయినా ఆ మాట నిజంగానే అన్నాను.